చేమిరి పెరుగు కాదు

నా జబ్బు పేరు మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. అల్సరేటివ్ కొలైటిస్ అని డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. "అల్సరేనా అండి? అయితే కారం మానేస్తే సరిపోద్దిగా" అన్నాడు నాన్న, బరువు దిగిపోయినట్టు. అది వేరు, ఇది వేరు అన్నారాయన. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారుతుందట. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి సొంత పేగు మీద పడతాయట. ఎందుకు పడతాయో ఆయనకీ తెలియదు.

"ఎప్పటికి తగ్గుద్దండి?" అని అమ్మ అడిగింది.

"తగ్గుతుందమ్మా. కానీ పోదు."

అమ్మ ఆ మాటలో మొదటి సగమే విన్నది. నేను రెండో సగమే విన్నాను. అప్పటికి నాకు పదహారు నిండాయి. ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు రాసి వచ్చి, ఎండాకాలమంతా బాత్రూమ్‌కీ మంచానికీ మధ్య తిరుగుతున్నాను.

గుండె జబ్బైతే జనం జాలి పడతారు. కాలు విరిగితే పళ్లు పట్టుకొచ్చి పలకరిస్తారు. జబ్బు నాకొచ్చిన చోట వస్తే ఏం చేస్తారు? ముక్కు మూసుకుని నవ్వుతారు. అందుకే ఎవరికీ చెప్పొద్దని ఇంట్లో అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నాను. నాన్నవాళ్లమ్మ మంగాయమ్మకి, అంటే మా మామ్మకి, ఒట్టు అక్కర్లేకపోయింది. "ఇంటి గుట్టు లంకకు చేటు. ఆడపిల్లవి. నేనెందుకు చెప్తానే ముత్యాలూ?" అన్నది. నా పేరు మౌక్తిక. అది కూడా ఆవిడకి నోరు తిరగదు.

కాకినాడలో మా అపార్ట్‌మెంటువాళ్లకి నాది ఎండదెబ్బ, కాలేజీకి టైఫాయిడ్. డాక్టరుగారిచ్చిన మాత్రలతో తగ్గింది, మళ్లీ వచ్చింది. డోసు పెంచితే మళ్లీ తగ్గింది, ఈసారి ముఖం పూరీలా పొంగింది. కాలేజీ తెరిచాక కడుపులో ఏమీ లేకుండా వెళ్లడం అలవాటు చేసుకున్నాను. తింటే కదా భయం! తలుపు పక్క బెంచీలో కూర్చునేదాన్ని. దారిలో ఏ పెట్రోలు బంకులో బాత్రూమ్ గడియ పడుతుందో, ఎక్కడ పడదో నాకు తెలిసినంత ఈ ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. క్లాసు మధ్యలో చెయ్యెత్తి అడగడం కన్నా చచ్చిపోవడం నయమనిపించేది. అలా అనిపించడం మంచిది కాదని నాకూ తెలుసు. అయినా అనిపించేది.

అలాంటి రోజుల్లో మా డాక్టరుగారు విశాఖపట్నంలో డాక్టర్ జహీరా ప్రయోగశాల గురించి చెప్పారు.

జహీరా మేడం పొట్టిగా, చకచకా ఉంటుంది. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. మామ్మతో సహా మమ్మల్ని ఒక బల్ల దగ్గరికి తీసుకెళ్లి గాజు పళ్లెం చూపించింది. అందులో గులాబీ రంగు పొర ఒకటి ఉంది. మనిషి పేగు కణాల నుంచి పెంచిన ముక్క అట. ఒక పక్క కందిపోయి ఎర్రగా ఉంది. మేడం దాని మీద పెరుగు చుక్క ఒకటి వేసింది. మామూలు పెరుగే, తెల్లగా. మేము చూస్తుండగానే ఆ ఎర్రగా ఉన్నచోట మాత్రం నీలం తేలింది. తర్వాత మాకు టీ ఇచ్చింది. టీ తాగి, కబుర్లు చెప్పుకుని మళ్లీ వచ్చి చూస్తే నీలం పలచబడింది, దాని కింద ఎరుపు కూడా.

"ఈ పెరుగులో ఉన్న సూక్ష్మజీవుల్ని మేం మార్చాం. ఎక్కడ మంట ఉంటే అక్కడికి చేరి, మందు తయారుచేస్తాయి. ఆ పని చేస్తున్నంతసేపు రంగు వదులుతాయి. నీలం కనిపిస్తే మంట దొరికిందని, పోతే చల్లారిందని."

"నా పేగులో రంగు మీకెలా కనబడుతుంది?" అన్నాను.

"పేగుతో పనేముంది? రంగు రక్తంలో కలుస్తుంది. నీ గోళ్లు చూసుకో, చాలు."

వాటిని మాత్రలో పెడితే చచ్చిపోతున్నాయట. పాలల్లోనే బతుకుతాయట, అదీ రోజూ కొత్త పాలు పడితేనే. అందుకే ఇంట్లోనే తోడుపెట్టుకుని తినాలి. అది వినగానే మామ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. అప్పటిదాకా ఆవిడకి ఆ గదిలో పనేమీ లేకపోయింది.

"పెరుగు తోడెయ్యడం మాకు కొత్తా అండి? మా అత్తగారి చేతి నుంచి అందుకున్న చేమిరి ఇప్పటికీ మా ఇంట్లో నడస్తంది" అన్నది.

చేమిరి అంటే, తెలియని పట్నంవాళ్ల కోసం చెబుతున్నాను, పాలు తోడుకోవడానికి వేసే నిన్నటి పెరుగు చుక్క. జహీరా మేడానికి ఆ మాట నచ్చింది. తన సీసా మీద ఉన్న అంకెలూ అక్షరాలూ పక్కనబెట్టి, అప్పటి నుంచి తనూ చేమిరి అనే అన్నది.

"ఒక్కటే షరతు మామ్మగారూ. ఇది మందు. ఈ పెరుగు అమ్మాయికి తప్ప ఎవరికీ పెట్టకూడదు. బయటికి పోయిందంటే ప్రయోగం ఆపెయ్యాల్సిందే."

"మా అబ్బాయిక్కూడా పెట్టనండి" అని మామ్మ ఆవిడ చేతిలో చెయ్యేసి మరీ చెప్పింది.

నిజంగానే నాన్నకి పెట్టలేదు. మా వంటింట్లో రెండు గిన్నెలు వెలిశాయి. నాది మూతమీద పసుపు బొట్టు పెట్టిన గిన్నె. మొదటి వారంలోనే నా గోళ్లు నేరేడు పళ్లు నలిపినట్టు తయారయ్యాయి. ఆషాఢమాసం కావడం నా అదృష్టం. మామ్మ గోరింటాకు రుబ్బి పెట్టింది, నీలం కాస్తా ఎరుపు కింద దాక్కుంది. కాలేజీలో ఆడపిల్లలందరి చేతులూ ఎర్రగానే ఉన్నాయి, ఇక నన్నెవరు చూస్తారు?

తర్వాత నెత్తురు ఆగింది. కడుపులో మెలిపెట్టడం ఆగింది. ఒకరోజు కాలేజీ నుంచి వస్తూ బండి దగ్గర ఆగి మిరపకాయ బజ్జీ తిన్నాను. ఏమీ కాలేదు. బజ్జీ తిని ఏమీ కాకపోవడం ఎంత పెద్ద విషయమో బజ్జీ తిన్న ప్రతిసారీ ఏమీ కానివాళ్లకి చెప్పినా తెలియదు. ఆ రాత్రి అమ్మ నా పక్కన పడుకుని నిశ్శబ్దంగా ఏడ్చింది, సంతోషంతోనే. గోళ్లు పెరిగి, గోరింటాకు పైకి జరిగి, మొదట్లో తెల్లచంద్రుడు కనబడితే, అందులో నీలం లేదు.

అంతా బాగుందనుకుంటున్నప్పుడు లిఫ్టులో బుల్లబ్బాయి గారు కనిపించారు.

బుల్లబ్బాయి గారు మా పై అంతస్తులో ఉంటారు. హైదరాబాద్ వెళ్లే ట్రావెల్స్ బస్సు నడుపుతారు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఆరోజు గొంతు లేదు. లిఫ్టు బటన్ నొక్కిన ఆయన వేళ్లు చూశాను. గోళ్లు పదీ నేరేడు రంగులో ఉన్నాయి. ఆ రంగు లోకంలో ఇంకెవరూ పోల్చలేకపోయినా నేను పోల్చగలను.

ఇంట్లోకి వెళ్లేసరికి ఆయన భార్య నాగరత్నం పిన్ని మా సోఫాలో కూర్చుని కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "గోళ్లు నీలంగా అయిపోతే గుండెకి గాలి అందట్లేదన్నారండి పిన్నిగారూ. రేపు విశాపట్నం తీసుకెళ్తన్నాం. గుండెలోకి తీగ పంపి చూస్తారంట. గుండె జబ్బని తేలితే ఇక స్టీరింగు ముట్టుకోనివ్వరు కదండీ. ఆయనకి అది తప్ప ఇంకేం తెల్దు" అని మామ్మతో చెప్పుకుంటోంది. మామ్మ ఆవిడ వీపు నిమురుతోంది.

పిన్ని వెళ్లాక తలుపు వేశాను.

"మామ్మా, నా పెరుగు వాళ్లకిచ్చావా?"

"ఛ ఛ, ఒట్టేశాక ఎలా ఇత్తాను?"

"కొంచెం కూడా ఇవ్వలేదా?"

"పెరుగు ఇవ్వలేదే! ఆ మధ్య వాళ్ల పాలు విరిగిపోతే చేమిరి అడిగింది. మన గిన్నె ఖాళీగా ఉంది, నీ గిన్నెలోంచి చుక్క వేశాను. దీపాలు పెట్టాక అడిగితే ఎవరికీ ఇవ్వను గానీ, పగలు అడిగింది కదా."

"చుక్కేశావా!"

"చేమిరి పెరుగెలా అవుద్ది? పెరుగు ఇత్తే ఇచ్చినట్టు. చేమిరి ఇచ్చినట్టు లెక్కా? చేమిరి లేదన్న ఇల్లు ఇల్లేనా?"

మామ్మ అబద్ధం ఆడటం లేదు. ఆవిడ లోకంలో పెరుగు వేరు, చేమిరి వేరు. పెరుగు మనది. చేమిరి ఎవరిదీ కాదు, ఇంటింటికీ తిరుగుతూ ఉంటుంది, అంతే. ప్రయోగశాలలో అంతమంది చదువుకున్నవాళ్లు పెరుగు ఎవరికీ పెట్టొద్దని మాత్రమే చెప్పారు. చేమిరి సంగతి ఎత్తాలని వాళ్లకి తట్టలేదు. ఎదురుగా కూర్చుని విన్న నాకూ తట్టలేదు.

చేమిరి పిన్ని ఇంటికి చేరాక అక్కడినుంచి ఇంకెక్కడికి వెళ్లిందో అడిగాను. మామ్మకి తెలియదు. పిన్ని పక్కింటికి ఇచ్చి ఉంటుంది, పక్కింటివాళ్లు కింద ఫ్లాటుకి. ఆ పెరుగు ఎవరు తిన్నా ఏమీ కాదు, పేగులో మంట లేకపోతే. బుల్లబ్బాయి గారికి రంగు తేలిందంటే ఆయన పేగులో మంట ఉంది. గుండెకి ఏమీ కాలేదు.

మామ్మకి అర్థమయ్యేటప్పటికి మొహం పాలిపోయింది. కాసేపటికి తేరుకుని, "ఎవరికీ చెప్పకే" అన్నది. "తెలిసిందంటే నీ పెరుగు ఆపేత్తారు. ఆయన్ని డాక్టర్లు చూసుకుంటారు. గుండె బాగుందని వాళ్లే తేలుత్తారు."

"తీగ గుండెలోకి పంపాక తేలుస్తారు."

"నువ్వు మళ్లీ అలా అయిపోతే నేను చూళ్లేనే!" అని మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడిగినవాళ్లకి చుక్క లేదనలేని మనిషి, నా కోసం ఒక మనిషి ప్రాణాన్ని లేదనడానికి సిద్ధపడింది. ఆవిడ మీద కోపం రాలేదు, ఎందుకంటే నేనూ అదే ఆలోచిస్తున్నాను. గదిలోకి వెళ్లి కూర్చుని, ఆయనకి నిజంగానే గుండె జబ్బు ఉంటే బాగుండునని కోరుకున్నాను. ఒక నిమిషం పాటు గట్టిగా కోరుకున్నాను. తర్వాత నా మీద నాకే అసహ్యం వేసి, మెట్లెక్కాను.

బుల్లబ్బాయి గారు హాల్లో బ్యాగు సర్దుకుంటున్నారు. పిన్ని వంటింట్లో ఉంది.

"రా అమ్మా పాపా. మామ్మ ఏమన్నా పంపించిందా?"

"బాబాయ్, మీకు నెత్తురు పడుతోందా?"

"నెత్తురా? ఎక్కడ?"

ఎలా అనాలో నాకు తెలియలేదు. ఆ మాట అమ్మ దగ్గర కూడా నేలచూపులు చూస్తూ అన్నాను తప్ప మొహం చూసి అనలేదు. "దొడ్డికెళ్లినప్పుడు" అన్నాను.

అంత పెద్ద మనిషీ వంటింటి వైపు దొంగలా చూశారు. తలుపు దగ్గరికి వేసి వచ్చి, గొంతు తగ్గించి, "నీకెవరు చెప్పారు? మీ పిన్నికే తెల్దు" అన్నారు.

"ఎన్నాళ్లుగా?"

"శానా ఏళ్లు. మొలలనుకున్నానమ్మా. సామర్లకోటలో ఒకాయన పసరిత్తే తాగాను. అయినా నువ్వు చిన్నపిల్లవి, నీతో ఈ మాటలేంటి?"

"నాకూ అదే జబ్బు బాబాయ్. ఎండదెబ్బ కాదు."

ఆయన సోఫాలో కూలబడ్డారు. నేను చెప్పాల్సింది మొత్తం చెప్పాను, పెరుగు సంగతి, రంగు సంగతి, మామ్మ వేసిన చుక్క సంగతి. తిడతారనుకున్నాను. ఆయన తన గోళ్లు తిప్పి తిప్పి చూసుకున్నారు.

"డ్యూటీ ఎక్కేముందు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టను పాపా. హైదరాబాద్ దాకా ఖాళీ కడుపే. కండక్టరు నన్ను ఉపవాసాల స్వామీ అంటాడు."

"నేనూ కాలేజీకి అంతే."

"నువ్వూనా?" అన్నారు. ఎందుకో ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నారు. "అదే అనుకుంటన్నాను, ఈ మధ్య ఇంత సుఖంగా ఎందుకుందా అని. మొన్న సూర్యాపేటలో బండాపి ఇడ్లీ తిన్నాను తల్లీ! నెత్తురు కూడా లేదు. గోళ్లు తప్ప అంతా బాగుంది."

అక్కడినుంచే జహీరా మేడానికి ఫోన్ చేశాను. ఏం జరిగిందో ఆవిడ మొదటి నుంచి చెప్పించుకుంది. తర్వాత, "గుండె పరీక్ష ఆపమను. ఆ డాక్టరుతో నేను మాట్లాడతాను. రేపు పొద్దున్నే వస్తున్నా" అన్నది.

వచ్చింది కూడా. మొదట మా ఇంట్లో కూర్చుంది. మామ్మ ఎదురుగా రాలేక తలుపు చాటున నిలబడితే, వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "తప్పు మీది కాదు మామ్మగారూ. సూక్ష్మజీవి ఎక్కడెక్కడికి ప్రయాణం చేస్తుందో అన్నీ లెక్కగట్టాం. నీళ్లలోకా, మట్టిలోకా, గాలిలోకా అని. మా అమ్మ కూడా పక్కింటికి చేమిరి ఇస్తుంది. ఆ దారొక్కటే మర్చిపోయాను." తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసు మేడం. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారు?"

"మొదటి నుంచి అనుమతులు తెచ్చుకోవాలి. ఇస్తారో లేదో. నువ్వు ఇంటర్ దాటిపోతావు, ఇంకా ముందుకే పోతావు. నీకు అబద్ధం చెప్పను."

మందు పనిచేయలేదని చెబితే ఊరుకునేదాన్ని. పనిచేస్తున్న మందు ఆపేస్తారని వింటే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. బిగ్గరగా ఏడ్చాను. ఎవరూ ఏడవొద్దనలేదు, అదొక్కటి మేలు.

సాయంత్రం కింద పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి అన్ని ఫ్లాట్లవాళ్లనీ పిలిచారు. రోగి పేరు చెప్పకూడదు కాబట్టి మేడం పేరు లేకుండా చెప్పుకొచ్చింది. ఒక ఇంటి మందు పెరుగు పొరపాటున చేమిరి ద్వారా అన్ని ఇళ్లకూ చేరిందనీ, ప్రమాదం లేదు గానీ పెరుగంతా తీసేయాలనీ, గోళ్లు నీలంగా ఉన్నవాళ్లు మాత్రం చూపించుకోవాలనీ అన్నది. పేరు లేకపోయేసరికి గుసగుసలు మొదలయ్యాయి. ఎవరింట్లోది? ఏం మందు? మాకెందుకు తినిపించారు? నాగరత్నం పిన్ని పాపం నోరు విప్పలేదు. కానీ చేమిరి ఎవరెవరి దగ్గర తెచ్చుకున్నారో వెనక్కి లాగుతూ పోతే మా మామ్మ దగ్గర ఆగింది. "అంత వయసొచ్చి, ఇళ్లల్లో మందులు కలుపుతారా అండీ?" అని రెండో అంతస్తు కనకదుర్గ గారు అన్నారు. మామ్మ తలొంచుకుని నిలబడింది. కాపురానికొచ్చినప్పటి నుంచి చేమిరి అడిగినవాళ్లని ఖాళీ చేతులతో పంపని మనిషి!

లేచి నిలబడ్డాను.

"ఆ మందు నాదండి. నాకు పెద్దపేగులో జబ్బు. పుండ్లు పడి దొడ్డికి నెత్తురు వస్తుంది. రోజుకి ఎన్నోసార్లు పరిగెత్తాలి. ఎండదెబ్బ అని అబద్ధం చెప్పాం. మామ్మ తెలిసి చేయలేదు. ఏమన్నా అంటే నన్ను అనండి."

అమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది, కూర్చోమని. నేను కూర్చోలేదు. ఎవరూ నవ్వలేదు. ముక్కు కూడా మూసుకోలేదు. కనకదుర్గ గారు మాత్రం, "అంటుకుంటుందా?" అని అడిగారు. అంటుకోదని మేడం చెప్పినా, ఆవిడ తన కూతుర్ని దగ్గరికి లాక్కున్నారు. అది చూసి నాకు చాలా బాధేసింది.

సూక్ష్మజీవుల్ని చంపే మందునీళ్ల డబ్బా మేడం తెచ్చింది, ప్రతి ఇంటి పెరుగూ అందులో పోయాలి. ఆ పని మామ్మే చేస్తానన్నది. తలుపు తలుపూ తట్టి గిన్నె అడిగి, తన చేత్తోనే మందునీళ్లలో ఒంపింది. చివర్న పసుపు బొట్టు గిన్నె. దాన్ని ఒంపేటప్పుడు మాత్రం నాన్న వెనక నుంచి పట్టుకోవాల్సి వచ్చింది.

బుల్లబ్బాయి గారి పేగుని పరీక్ష చేశారు. నా జబ్బే, కాకపోతే పాతబడింది. ఇప్పుడు నాకిచ్చే మాత్రలే ఆయనా వేసుకుంటున్నారు. పేగు శుభ్రం కావడానికి పరీక్ష ముందు తాగే ఉప్పునీళ్లు ఎలా మింగాలో నేనే నేర్పాను. పిన్నికి చెప్పేశారట, బస్సు వాళ్లకీ చెప్పేశారట. పగటి పూట దగ్గర రూటు వేశారు.

కాలేజీలో నేనూ చెప్పాను. కొందరు దూరం జరిగారు. తలుపు పక్క బెంచీ మాత్రం ఎవరూ ఆక్రమించడం లేదు. ఇప్పుడు చెయ్యెత్తి అడగను, లేచి వెళ్లిపోతాను.

జబ్బు తిరిగి వచ్చింది. వస్తుందని తెలుసు, అయినా ఆ ఎరుపు మొదటిసారి మళ్లీ చూసినప్పుడు గోడకి తల ఆనించి చాలాసేపు ఉండిపోయాను. చెప్పకుండా ఉంటే ఈపాటికి బజ్జీలు తింటూ ఉండేదాన్ని కదా అని అనిపించింది. ఇప్పటికీ కడుపు మెలిపెట్టినప్పుడల్లా అనిపిస్తుంది. నేను దేవతనేం కాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం అలాగే బాత్రూమ్‌లో ఉన్నాను. బెల్లు మోగింది. మామ్మ తలుపు తీసిన చప్పుడు, చెప్పులు విడిచిన చప్పుడు. కనకదుర్గ గారి గొంతు, చాలా చిన్నగా.

"పాప ఉందా అండి?"

మామ్మ ఏం చెబుతుందోనని కుళాయి కట్టేశాను.

"బాత్రూమ్‌లో ఉందమ్మా. మళ్లీ నెత్తురు పడతంది పిల్లకి. నాతో చెప్పకూడదా?"

"లేదండీ. పాపతోనే మాట్లాడాలి. ఆ డాక్టరమ్మ గారి గురించి."

కుర్చీ జరిపిన శబ్దం వినిపించింది. నేను లోపలి నుంచే గొంతు పెంచాను.

"ఆంటీ, వెళ్లిపోకండి. నాకు కొంచెం టైం పడుతుంది."

"తొందరేం లేదమ్మా" అన్నారు కనకదుర్గ గారు బాత్రూమ్ తలుపు దాకా వచ్చి. "ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు."